పుట్టినరోజు పలుకరింపు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను కళాశాల మెట్లెక్కినవాడను గాను. పగలు సహకార సంఘమున చిట్టా ఆవర్జాలు వ్రాయుట నా వృత్తి. రాత్రి ఈ గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న కావ్యములను, నిఘంటువును ప్రక్కన నుంచుకొని, చదువుకొనుట నా వ్యసనము. కావున పండితుడు చెప్పినట్లు గాక, పద్దులు వ్రాయువాడు చెప్పినట్లు చెప్పెదను. లోపములున్న మన్నింపుడు.

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. ఇదియు నొక పుట్టినరోజే. కావున పుట్టినరోజున ఒకరికొకరము చెప్పుకొను శుభమును గూర్చియే మాటలాడ దలచితిని. ఇది చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. ఐనను ఊరిలో సగము ఇండ్లు ముసలివారితో మాత్రమే మిగిలి, పిల్లలు హైదరాబాదునను, బెంగుళూరునను, సముద్రముల కావలను ఉన్న ఈ దినములలో, ఏడాదికొకసారి వచ్చు ఆ ఒక్క మాటకు ఎంత బరువున్నదో తల్లులకు తెలియును.

ఇప్పటి పద్ధతి అందరెరిగినదే. తెల్లవారుచుండగా ఎవరో ఒకరు ఊరి వాట్సాప్ బృందములో నేడు ఫలానావారి పుట్టినరోజని తెలుపుదురు. వెంటనే ఒకరు కేకు బొమ్మను, ఒకరు పూలగుత్తిని, ఒకరు జోడించిన చేతులను పంపుదురు. తక్కినవారు పైవారి మాటనే ఎత్తి క్రింద అంటింతురు. అంత తీరికయు లేనివారు హెచ్.బి.డి. అను మూడక్షరములతో సరిపెట్టుదురు. మధ్యాహ్నమునకు నలువది శుభాకాంక్షలు జమపడును. సాయంకాలము ఆ పుట్టినవారు ‘అందరికీ ధన్యవాదములు’ అను ఒక్క పద్దుతో ఆ నలువదింటిని చెల్లువేయుదురు. నా వృత్తిదృష్టితో చూచిన లెక్క సరిపోయినది. జమ నలువది, ఖర్చు నలువది, నిలువ సున్న. ఆ సున్నను గూర్చియే నా విచారము.

మా వీధిలో ఒక పెద్దమ్మగారు కలరు. ఆమెకు 70 ఏండ్లు నిండిన మరునాడు డిపాజిట్టు రశీదు తిరుగ వ్రాయించుకొనుటకు సంఘమునకు వచ్చిరి. పని ముగిసిన పిదప చేతిలోని ఫోను నాకు చూపి, “అందరూ పలికారు గాని, నన్నెవరూ పలకరించలేదు నాయనా” అనిరి. ఆమె చదివినది ఐదవ తరగతి వరకే. ఐనను పలుకుటకును పలుకరించుటకును గల భేదమును అంత చక్కగా నేనెచ్చటను చదివి యుండలేదు. పలుకునకు నోరుండిన చాలును. పలుకరింపునకు ఎదుట ఒక మనిషి కావలెను.

ఆ దినము మొదలు ఈ విషయము నా మనస్సున మెదలుచున్నది. ‘జన్మదిన శుభాకాంక్షలు’ అను మాటను కొంచెము నిదానించి చూడుడు. అందు క్రియ లేదు. చెప్పువాడు లేడు, వినువాడును లేడు. ఎవరు ఎవరికైనను, ఎప్పుడైనను పంపవచ్చును. ‘నూరేండ్లు చల్లగా బ్రతుకు నాయనా’ అను ముసలమ్మ మాటలోననో, క్రియ కలదు, సంబోధన కలదు, చెప్పునామె వయస్సును వాత్సల్యమును కలవు. మొదటిది అచ్చువేసిన ఫారము. రెండవది చేవ్రాలు చేసిన పత్రము.

అన్నంభట్టు తర్కసంగ్రహమును మీలో కొందరు చదివియుందురు. పదములు కూడి వాక్యమగుటకు మూడు కావలెనని అందు చెప్పబడినది: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ‘ఆవు, గుఱ్ఱము, మనిషి, ఏనుగు’ అని వరుసగా చెప్పిన అది వాక్యము గాదు. ఒక పదము మరియొక పదమును కోరుట లేదు. అది ఆకాంక్ష లేకపోవుట. ‘నిప్పుతో తడుపుము’ అన్నను అర్థము కుదరదు. తడుపుటకు నిప్పు తగదు. అది యోగ్యత లేకపోవుట. జామునకొక మాటగా పలికినను వాక్యము కాదు. అది సన్నిధి లేకపోవుట. శాస్త్రకారులు వాక్యమును గూర్చి చెప్పిన ఈ మూడును శుభాకాంక్షకును చక్కగా అన్వయించునని నా మనవి. చిత్రమేమన, ‘శుభాకాంక్ష’ యను మాటలోనే మొదటిది చేరియున్నది.

మొదట ఆకాంక్ష. శుభము వినగానే వినువాని మనస్సున ఒక ప్రశ్న పుట్టును. ‘ఇది నాకే యేల చెప్పుచున్నాడు? నన్ను గూర్చి వీనికేమి జ్ఞాపకమున్నది?’ ఆ ప్రశ్నకు సమాధానము రానిచో మాట అసంపూర్తిగా మిగిలిపోవును.

మన పూర్వుల ఉత్తరములను చూడుడు. వానియందును కట్టుబడి మాటలు లేకపోలేదు. చిన్నవారి పేరునకు ముందు ‘చిరంజీవి’ యనియు, పెద్దలకు ‘మహారాజశ్రీ’ యనియు, ఆడపడుచులకు ‘చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి’ యనియు వ్రాసెడివారు. పిమ్మట ‘ఉభయకుశలోపరి’ అనెడివారు. ఈ మాట అర్థమును మనము మరచితిమి. ఇరువురి క్షేమమును చెప్పుకొన్న ఉపరి, అనగా తరువాత, అసలు సంగతి మొదలగునని దాని భావము. కట్టుబడి మాట గడప వంటిది. గడప దాటిన పిమ్మట ఇల్లున్నది. ఎఱ్ఱావు ఈనినది, నీ చెల్లెలికి జ్వరము తగ్గినది, నీవు నాటిన మామిడి ఈ ఏడు పూతకు వచ్చినది అను వార్తలన్నియు ఆ ‘ఉపరి’ తరువాతనే వచ్చెడివి. చివర ‘ఇట్లు, నీ మేనమామ’ అని చుట్టరికముతో ముగియును. ఇప్పటి మన సందేశము గడప వరకు వచ్చి, అచ్చటినుండియే తిరిగి పోవుచున్నది. ఉభయకుశలము కలదు. ఉపరి లేదు.

కావున ‘జన్మదిన శుభాకాంక్షలు’ అని వ్రాయవలదని నేననను. వ్రాసి, దానికి ఒక్క ‘ఉపరి’ చేర్చుడు. ‘బాబాయీ, పోయిన సంక్రాంతికి మీరు మా పిల్లవానికి నేర్పిన ఈత వానికింకను జ్ఞాపకమున్నది’ అన్న చాలును. ఆ వాక్యమును ఈ ప్రపంచమున మరియొకరు వ్రాయజాలరు. అదియే దాని విలువ.

రెండవది యోగ్యత. మాట ఆ మనిషికి తగియుండవలెను. ఇందుకు మన కావ్యములలో చక్కని నిదర్శనములు కలవు. భవభూతి ఉత్తరరామచరితము ప్రథమాంకమున, వసిష్ఠుడు అష్టావక్రునిచేత సీతకు ఆశీర్వచనము పంపును. అష్టావక్రుడు వచ్చునప్పటికి సీత నిండుగర్భిణి. వసిష్ఠుడు ఆమెకు సిరిసంపదలను కోరలేదు. నీవు భూదేవి బిడ్డవు, జనకుని కూతురవు, ఏ కులమునకు సూర్యుడును నేనును గురువులమో ఆ కులమునకు కోడలవు అని గుర్తుచేసి, ఇన్ని కలదానికి ఇంకేమి కోరుదును, వీరమాతవు కమ్మనును. ఆ దీవెన సీతకు తప్ప మరి యొకరికి చెల్లదు. కాళిదాసు శాకుంతలమునను ఇట్లే. అత్తవారింటికి పోవు శకుంతలను కణ్వుడు, యయాతికి శర్మిష్ఠ వలె భర్తకు ఆదరపాత్రవై, పూరుని వంటి చక్రవర్తిని కనుమని దీవించును. దుష్యంతుడు పూరువంశపు రాజు. చేరబోవు ఇంటి కథనే దీవెనగా మార్చి ఇచ్చినాడు ఆ తండ్రి. ఋషులకే ఎదుటివారిని తెలిసికొని దీవించుట అవసరమైనచో, మన మాట చెప్పనేల?

యోగ్యతలో మరియొక సంగతి కలదు. అది దినము. ఈ విషయమున నాకు కొంత అనుభవము కలదు. మా సంఘపు సభ్యుల పట్టికను చూచిన, జులై 1న పుట్టినవారు చాలమంది కనబడుదురు. ఊరివారందరు ఒక్కనాడే పుట్టిరా? కాదు. బడిలో చేర్చునాడు తేదీ తెలియక, ఉపాధ్యాయులు తమకు తోచిన తేదీ వేసిరి. జననమరణముల నమోదునకు దేశమంతటికి ఒకే శాసనము 1969లో వచ్చినను, ఇంటిలో జరిగిన కాన్పులనేకము పుస్తకమున కెక్కలేదు. ఆధారు వచ్చిన పిమ్మట, పుట్టిన ఏడు మాత్రము చెప్పగలిగిన వృద్ధులకు జనవరి 1 పడినది. ఫోనునకు తెలిసినది ఈ తేదీయే. తల్లికి తెలిసినది వేరు. ‘దివిసీమ ఉప్పెన వచ్చిన వారమునకు పుట్టినావు’ అని ఆమె చెప్పును. ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. అనగా ఆ బిడ్డ అసలు పుట్టినది నవంబరు చివరను. ఫోను మాత్రము జులైలో గంట కొట్టును, మనమును ఆ గంటకే తలయూపుదుము.

తిథి ప్రకారము జరుపుకొను ఇండ్లును కలవు. చాంద్రవత్సరము ఇంచుమించు 354 దినములు. అందుచేత తిథి యేటేట సుమారు 11 దినములు వెనుకకు జరిగి, అధికమాసము వచ్చిన ఏడు మరల ముందునకు వచ్చును. 19 ఏండ్ల కొకసారి తిథియు తేదీయు ఇంచుమించుగా కలిసికొనును. కావున 19, 38, 57 నిండిన పుట్టినరోజులకు పంచాంగమును క్యాలెండరును రాజీపడును. తక్కిన ఏండ్లలో, ‘పెద్దమ్మా, మీరు తిథి చూతురా, తేదీ చూతురా?’ అని ఒకసారి అడిగి తెలిసికొనుటయే ఒక పలుకరింపు. అడిగి తెలిసికొన్న దినము ఫోను చెప్పిన దినముకంటె ఎన్నడును మేలు.

యోగ్యతలోనే వయోమర్యాదయు చేరును. చిన్నవారు పెద్దలను దీవించుట మన యాచారము గాదు. తాతగారికి బొటనవ్రేలి గుర్తు పంపుటకంటె, ‘తాతయ్యా, నేడు మీ పుట్టినరోజు. నమస్కరించుచున్నాను, నన్ను దీవింపుడు’ అనుట తగియుండును. అప్పుడాయనకు చేయుటకొక పని దొరకును. వృద్ధులు బహుమానములకంటె పనిని ఎక్కువగా కోరుదురని నేను గమనించితిని.

మూడవది సన్నిధి. సన్నిధి యనగా ప్రక్కన నుండుట మాత్రమే కాదు. మనస్సు దగ్గరగా నుండుట. ‘అంతయు ఈ యంత్రములు చేసిన పాడు’ అని కొందరు పెద్దలు నిందింతురు. నాకది న్యాయముగా తోచదు. ఫేస్‌బుక్ 2004లోను, వాట్సాప్ 2009లోను పుట్టినవి. అంతకు పూర్వము మనము ప్రతిమాటను గుండెనుండి తీసి చెప్పితిమా? తంతి తపాలా కాలమున శుభాకాంక్షలకు అంకెలుండెడివి. దీపావళి కొక అంకె, వివాహమునకొక అంకె. మనము అంకె చెప్పిన, అచ్చటివారు వాక్యము నందజేసెడివారు. 2013 జులైలో ఆ తంతి సేవ ముగిసినది. ఆ వాక్యములును ఊరందరివే. ఐనను వానిని అందుకొన్నవారు పెట్టెలలో దాచుకొనిరి. ఏలయన, పంపినవాడు పని మాని, తపాలా కచ్చేరి వరకు నడిచి, వరుసలో నిలిచి, రూకలు చెల్లించెనని వారికి తెలియును. మాట కట్టుబడిదే. దాని వెనుక నడక సొంతము. నేడు నడకయు లేదు, వరుసయు లేదు, ఖర్చును లేదు. శ్రమ తొలగినప్పుడు, ఆ శ్రమ చెప్పుచుండిన సంగతిని మాటయే చెప్పవలసివచ్చినది. ఇంత సులభమైన కాలమున మాటకు మరింత శ్రద్ధ కావలసినది ఇందుకే.

యంత్రము సన్నిధిని పెంచగలదనియు మరువరాదు. చదువు రాని తల్లికి అక్షరముల సందేశమేల? కువైటునుండి కొడుకు తన గొంతుతో అర నిమిషము మాటలాడి పంపిన, ఆమె దానిని పదిమార్లు వినును, ఇరుగుపొరుగువారికి వినిపించును. బృందములో పదిమందిలో ఒక మాట చెప్పిన, ఆమెకు విడిగా మరియొక మాట చెప్పుడు. అర్ధరాత్రి పన్నెండు గంటలకు మొదటివారమగుటకై తొందరపడకుడు. ముసలివారికి అర్ధరాత్రి ఫోను మ్రోగిన శుభము తోచదు, గుండె దడ పుట్టును. ప్రొద్దున కాఫీ వేళకు పిలువుడు. ఒకే ఊరిలో నున్నవారు ఫోను తీయవలదు, చెప్పులు తొడుగుకొనుడు. అక్షింతలు తల మీద పడునప్పుడు తగులు చేతి వేడిమిని ఏ తెరయు పంపలేదు.

ఇటీవల కృత్రిమమేధ మరియొక సౌకర్యమును కల్పించినది. పేరును వయస్సును చెప్పిన చాలును, తప్పులు లేని భాషలో ఒక పుట శుభాకాంక్ష వ్రాసి యిచ్చును. భాష చూచి ముచ్చటపడవలసినదే. కాని మీరు చెప్పని సంగతి దానికి తెలియదు. 2020లో కరోనా భయమున వీధి తలుపులన్నియు మూసియున్నప్పుడు, ఆ మామయ్య ప్రతిదినము మీ గుమ్మమున పాలచెంబు పెట్టి, దూరమునుండియే కేక వేసి వెళ్ళెనని దానికెట్లు తెలియును? దానికి చెప్పగలిగినంత జ్ఞాపకము మీకున్నచో, ఆ రెండు వాక్యములను మీరే వ్రాయవచ్చును. అక్షరదోషములున్న నుండనిండు. మామయ్య వానిని దిద్దడు.

ఇక చెప్పుటకు కష్టమైన సంగతి యొకటి. మా యెరుకలోని ఒక రైతు గతించి తొమ్మిది మాసములైనది. ఆయన పుట్టినరోజు రాగానే ఒక సాంఘిక మాధ్యమము యథాప్రకారము అందరకు గుర్తుచేసినది. పండ్రెండుగురు ‘ఇట్టి దినములు మరెన్నో జరుపుకొనవలెను’ అని వ్రాసిరి. ఆయన ఫోను భార్య చేతిలో నున్నది. ఒక్కొక్క గంట మ్రోగుచుండ ఆమె చదువుచు కూర్చుండెను. ఆ పండ్రెండుగురిలో దుర్మార్గులెవ్వరును లేరు. వారు చూచినది పేరును, తేదీని. మనిషిని చూడలేదు. శుభము చెప్పుటకు ముందు ఒక్క క్షణము ఆ ముఖమును తలచుకొనియుండిన ఈ పొరపాటు జరిగెడిది కాదు. ఎరిగినవారు ఆ దినమున ఆమె యింటికి పోయి, ‘నేడు అన్నగారి పుట్టినరోజు గదా వదినా, ఆయన కట్టించిన బోదెగట్టు మీదుగానే వచ్చితిని’ అనియుండిన, అదియే నిజమైన శుభాకాంక్ష యగును.

మాటకు బాధ్యత కలదని మన పురాణములు చెప్పుచున్నవి. మార్కండేయుని కథలో ఒక పాఠము కలదు. తండ్రి మృకండుడు తన బాలునిచే, వచ్చిన పెద్దలందరకు నమస్కారము చేయించుచుండును. సప్తర్షులు వచ్చి, అలవాటు చొప్పున దీర్ఘాయువని దీవింతురు. పిదప చూడగా బాలునకు ఆయువు కొన్ని దినములే మిగిలియున్నది. వారు ‘ఏదో నోటి మాట’ యని తప్పించుకొనలేదు. తమ మాట అసత్యము కారాదని బాలుని బ్రహ్మ యొద్దకు కొనిపోయి, ఆయువు ఇప్పించిరి. నేటికిని పుట్టినరోజున నువ్వులు, బెల్లము కలిపిన పాలు త్రాగి మార్కండేయుని, సప్త చిరంజీవులను స్మరించు ఆచారము కొన్ని యిండ్లలో కలదు. ఆ కథ నాకు నేర్పిన నీతి యిది: దీవెన యనునది వ్రాసియిచ్చిన పత్రము వంటిది. చెల్లించవలెను. ‘ఆరోగ్యముగా నుండుము’ అని వ్రాసినవాడు, ఆ మనిషి ఆస్పత్రిలో చేరినప్పుడు ఒక పూట భోజనమైనను పట్టుకొనిపోవలెను. ‘పరీక్షలో నెగ్గుము’ అన్నవాడు ఆ పిల్లవానికి ఒక పుస్తకమైనను తెచ్చియీయవలెను. మనము నిలుపుకోగలిగిన శుభమునే చెప్పుదుము. ఏడాదికి నలువది చెల్లని చీట్లకంటె నాలుగు చెల్లు చీట్లు మేలు.

నలువదిమందికి ఇట్లు వ్రాయుట సాధ్యమా యని యువకులు అడుగవచ్చును. సాధ్యము కాదు, అవసరమును లేదు. బృందములోని నూరుగురిలో మీ మాట కొరకు ఎదురుచూచువారు పదిమంది యుందురు. ఆ పదిమందిని ఎరుగుడు. తక్కినవారికి చేయి జోడించిన బొమ్మ చాలును. దానిని నేను తప్పుపట్టను. వీధిలో ఎదురైనప్పుడు తలయూపుదుము గదా, అదియు నట్టిదే.

ఉపదేశము చెప్పి యూరక పోవుట నా వృత్తికి తగదు. కావున ఒక చిన్న వస్తువును తెచ్చితిని. ఇది నేను కుట్టి, గీతలు గీచిన పుస్తకము. ఇందు నాలుగు గడులు కలవు. మొదటిది పేరు. రెండవది తిథి గాని తేదీ గాని, ఆ మనిషి తానే చెప్పినది. మూడవది ఇంటిలో పిలుచు పిలుపు. నాలుగవది అన్నిటికంటె వెడల్పు గడి, దానికి ‘విశేషము’ అని పేరుపెట్టితిని. తనను గూర్చి ఇతరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరు ఒక్క సంగతిని అందు వ్రాయవలెను. పుట్టిన సంవత్సరమును కావలెననియే విడిచితిని. పూర్తి తేదీని ఊరంతటికి తెలిపినచో మోసగాండ్రు బ్యాంకు ఖాతాలవరకు పోవుచున్న రోజులివి. ఇష్టమున్నవారే వ్రాయుదురు గాక. ఈ పుస్తకము గ్రంథాలయము దాటి పోదు. చదువుకొను పిల్లలు వారమున కొకసారి దీనిని చూచి, ఆ వారము పుట్టినవారికి ఒక్కొక్క కార్డు స్వహస్తముతో వ్రాయవచ్చును. మన దేశమున తపాలా కార్డు 1879లో మొదలైనది. ఇన్నేండ్లుగా అది కొద్దిపాటి మాటలకే చోటిచ్చుచున్నది. ప్రేమకు అంత చోటు చాలును.

పుట్టినరోజున గ్రంథాలయమునకు ఒక పుస్తకము నిచ్చువారు, మొదటి పుటపై పేరు మాత్రమే గాక, అది యెవరి కొరకో, ఏలనో రెండు పంక్తులు వ్రాయుడని కార్యవర్గముతో పాటు నేనును కోరుచున్నాను. ఫోనులోని సందేశము సాయంకాలమునకు పైకి జరిగిపోవును. పుస్తకపు మొదటి పుట జరుగదు. నలువది యేండ్ల పిమ్మట ఎవరో పిల్లవాడు దానిని తెరచి మనలను చదువును.

ఇక మన గ్రంథాలయమునకు నా ‘ఉపరి’ని మనవి చేసికొందును. తల్లీ! నీవు ఒక గదిలో రెండు బీరువాలతో పుట్టినావు. వర్షము కురిసిన రాత్రులు నీ పుస్తకములను మేము గోనెపట్టాలతో కప్పితిమి. నాకు గురువు లేనప్పుడు నీ నిఘంటువు గురువైనది. అర్థము కాని పుటవద్ద ఎన్ని రాత్రులు ఆగినను నీవు విసుగుకొనలేదు. నీ బీరువాలకు చెదలు పట్టకుండును గాక. నీ గడప అరుగునట్లు పిల్లలు త్రొక్కుదురు గాక. ఈ దీవెన చెల్లించుటకై ప్రతి ఆదివారము రెండు గంటలు నీ లెక్కలు వ్రాసిపెట్టెదనని ఈ సభాముఖమున మాట యిచ్చుచున్నాను.